పెరటికి వచ్చు పక్షులు
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాటలాడబోవు విషయము చిన్నది. మన పెరటికిని, మిద్దెమీదికిని, వసారాలోనికిని వచ్చిపోవు పక్షులను గూర్చినది. భాషను గూర్చియు, పిల్లల చదువును గూర్చియు చర్చించు మన సభలో పిచ్చుకలకు చోటెక్కడిదని కొందరికి తోచవచ్చును. ఆ రెండింటికిని గల సంబంధమును ప్రసంగము ముగియులోపల మనవి చేసెదను.

మనలో అనేకుల పూర్వులు ఈ ఆనేకల్లు తాలూకాకు ఎన్నో తరముల క్రిందట వచ్చి స్థిరపడినవారు. వారెరిగిన హెబ్బగోడి రాగి చేలును, చెరువులును, చింతలును, హొంగె చెట్లును గల పల్లె. హొంగె అనగా మన కానుగయే. 1978లో కోనప్పన అగ్రహారము దాపున ఎలక్ట్రానిక్స్ నగరమునకు పునాది పడినది. తరువాత బొమ్మసంద్ర కర్మాగారములు వచ్చినవి. 2025 ఆగస్టు 10వ తేదీన మెట్రో రైలు పసుపు మార్గము ప్రారంభమై మన ఊరికి స్టేషను కూడ వచ్చినది. ఈ మార్పులను నిందించుట నా ఉద్దేశము కాదు. మన బిడ్డలకు అన్నము పెట్టుచున్నవి ఇవియే. కాని పెంకుటిల్లు పోయి కాంక్రీటు ఇల్లు వచ్చినప్పుడు మనకు గది పెరిగినది, పిచ్చుకకు ఇల్లు పోయినది. ఆ నష్టమును కొంతవరకైనను మనమే పూడ్చగలమని చెప్పుటకే ఈ ప్రసంగము.

పిచ్చుకలు దేశమంతట నశించినవని తరచుగా వినుచున్నాము. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారము అది నిజము కాదు. దేశము మొత్తముమీద వాని సంఖ్య ఇంచుమించు నిలకడగానే యున్నది. తగ్గుచున్నది బెంగుళూరు, హైదరాబాదు, మద్రాసు వంటి మహానగరములలోనే. నగరమున వానికి కరవైనవి ముఖ్యముగా రెండు. మొదటిది గూటికి తగిన సందు. పెంకుల క్రిందను, దూలముల ప్రక్కను, గోడకు తగిలించిన పటముల వెనుకను గూడు పెట్టుకొను పక్షికి నునుపైన సిమెంటు గోడలో చోటు లేదు. రెండవది పురుగు. పెద్ద పిచ్చుక గింజలు తినును గాని, దాని పిల్లలు మొదటి దినములలో మెత్తని పురుగులమీదనే బ్రతుకును. పురుగుమందు చల్లిన తోటలో గింజలు బస్తాలకొలది పోసినను పిచ్చుక పిల్లకు ఆకలి తీరదు. సెల్‌ఫోను స్తంభములే దీనికి కారణమని కొందరందురు గాని, అది ఇంతవరకు రుజువు కాలేదు.

కావున పక్షులను పిలుచుటకు మనము చేయవలసిన పనులలో గింజలు చల్లుట చివరిది. మొదటిది నీరు. మాఘమాసమునుండి వైశాఖమువరకు మన ప్రాంతమున కుంటలు ఎండిపోవును. అప్పుడు మిద్దెమీద నీడలో వెడల్పైన మట్టి మూకుడు ఒకటి ఉంచవలెను. నీరు 2 అంగుళములకు మించి లోతు ఉండరాదు. నడుమ ఒక రాయి వేసినచో చిన్నపిట్టలు దానిపై నిలిచి త్రాగును, స్నానమాడును. నీటిని ప్రతిదినము పారబోసి, మూకుడును పీచుతో తోమి, క్రొత్తనీరు పోయవలెను. దోమపిల్ల పెరిగి రెక్కలు వచ్చుటకు సుమారు వారము పట్టును గనుక, రోజూ నీరు మార్చు ఇంటిలో ఆ భయము లేదు. పిల్లులు పొంచియుండు పొదల ప్రక్కన మాత్రము మూకుడు పెట్టరాదు.

రెండవది చెట్టు. మనలో పెక్కుమందికి 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల స్థలమే దిక్కు. అందులో తోట యెక్కడ అని అడుగుదురు. మన వంటయింటికి కావలసిన మొక్కలే పక్షులకును కావలెను. మునగ పూవునకు, అరటి పూవునకు, మందారమునకు తేనెపిట్ట వచ్చును. కరివేపచెట్టున పండ్లు నల్లబడగానే తలపై జుట్టుగల పిగిలిపిట్టలు జంటగా దిగును. జామపండు పైకొమ్మన రెండు విడిచినచో రామచిలుకలకు చాలును. వెడల్పు ఆకుల మొక్క ఒకటి కుండీలో నున్నను చాలు, ఆకు అంచులను నారతో కలిపి కుట్టి తన గూటిని అందులో అమర్చుకొను చిన్నపిట్ట రావచ్చును. స్థలము గలవారు కానుగ, వేప, పొగడ నాటవచ్చును. గోడ ప్రక్కను కాక వీధిచివర ఖాళీ స్థలమున మేడి నాటినచో కోయిలలు, గోరువంకలు, ఆకుపచ్చని కుటుర్రుపిట్టలు అన్నియు ఆ పండ్లకు చేరును. ఈ మొక్కలపై పురుగుమందు చల్లరాదు. ఆకు రెండు చిల్లులు పడినచో అది ఎవరో బిడ్డకు ఆహారమైనదని తలచవలెను.

మూడవది గూటికి చోటు. చెక్కపెట్టె యొకటి చేయించి, 32 మిల్లీమీటర్ల వ్యాసముగల రంధ్రము పెట్టించి, నేలకు 8 లేక 10 అడుగుల యెత్తున, ఎండవాన నేరుగా తగులని సజ్జ క్రింద బిగించినచో పిచ్చుకకు అనుకూలముగా నుండును. రంధ్రము పెద్దదైనచో గోరువంక ఆక్రమించుకొనును. పెట్టెకు రంగు వేయ నక్కరలేదు. రేపే పిచ్చుక వచ్చునని ఆశింపరాదు. ఒక సంవత్సరమైనను ఓర్పు వహింపవలెను. గూడు పెట్టిన తరువాత మాటిమాటికి తొంగిచూడరాదు.

ఇక గింజలు. కొర్రలు, సజ్జలు, నూకలు పిడికెడు ఉదయమున వేసి, మిగిలినవి సాయంకాలము ఊడ్చివేయవలెను. ఉప్పుకారములు తగిలిన అన్నము, రొట్టె, కారప్పూస వేయరాదు. పావురముల గుంపులకు బస్తాలతో మేత వేయుట పుణ్యమని కొందరి నమ్మకము. వాని రెట్టల దుమ్ము కొందరికి ఊపిరితిత్తుల వ్యాధిని తెచ్చును. 2025లో బొంబాయి నగరమున పావురముల మేతస్థలములను మూయించుటపై వివాదము హైకోర్టువరకు పోయినది. గుంపుగా పెరిగిన పావురములు చిన్నపక్షుల చోటును ఆక్రమించును. కావున దయకు కూడ ఒక కొలత యుండవలెను.

చేయరాని పనులు మరికొన్ని కలవు. రామచిలుకను పంజరమున నుంచుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని తెలంగాణమున ఆచారము. దానినే ఆసరాగా గొని కొందరు ఆ పక్షిని పట్టి పంజరమున త్రిప్పి డబ్బులు వసూలు చేయుదురు. అట్టివారికి పైసా ఇయ్యరాదు. పిల్లల గాలిపటములకు నైలాను మాంజా కొనిపెట్టరాదు. 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినది. ఆ దారము చెట్టున చిక్కి గద్దల రెక్కలను కోయుచున్నది. రెక్కలు వచ్చి క్రిందపడిన పిల్ల కనబడినచో ఇంటిలోనికి తెచ్చుకొనరాదు. దగ్గరి కొమ్మపై ఉంచి దూరముగా తొలగినచో తల్లిదండ్రులు వచ్చి మేపును. మనిషి ముట్టినంతమాత్రమున తల్లి విడిచిపెట్టుననుట అపోహ. నిజముగా గాయపడిన పక్షిని గాలి చొరబడు అట్టపెట్టెలో నుంచి, నీరు నోట పోయక, కెంగేరి దగ్గర నున్న వన్యప్రాణి వైద్యశాల వంటి చోటికి చేర్పవలెను.

ఇవన్నియు మనకు క్రొత్త పాఠములు కావు. గోదావరి సీమలో సంక్రాంతికి క్రొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి చూరునకును, దేవాలయ మండపములకును వ్రేలాడదీయుదురు, అవి పిచ్చుకలకే. తద్దినమునాడు కాకికి పిండము పెట్టనిదే మనము భోజనమునకు కూర్చుండము. నేడు నగరమున కాకి కొరకు మిద్దెపై ఎదురుచూచు గృహస్థులను మీరెరుగుదురు. ఏడాదికొకనాడు కాకి రావలెననువారు తక్కిన దినములలో దానికి చెట్టును మిగిల్చియుండవలెను గదా. బెంగుళూరునకు ఉత్తరమున, హిందూపురము దాపునగల వీరాపురము గ్రామమున, రంగురెక్కల పెద్ద కొంగలు ఏటేట వచ్చి వీధి చెట్లమీదనే గూళ్ళు కట్టును. ఊరివారు వానిని తమవిగా కాపాడుచు వచ్చిరి. మైసూరు దారిలో మద్దూరు తాలూకాలోని కొక్కరె బెళ్ళూరు కన్నడ సోదరులును అట్లే చేసిరి. 2007లో ఆ ఊరు సామూహిక సంరక్షణ స్థలముగా ప్రకటింపబడినది. చింతకాయల రాబడిని కొంత వదులుకొని పక్షులకు చెట్టునిచ్చిన రైతులు వారు. భాష వేరైనను ధర్మమొకటియే.

ఇప్పుడు మొదట చెప్పిన సంబంధమునకు వచ్చెదను. మన పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఆంగ్లము మాటలాడుదురు. కాకి, కోయిల, నెమలి అను మాటలకు కన్నడమున కాగె, కోగిలె, నవిలు చుట్టములు. పిచ్చుకను వారు గుబ్బచ్చి యందురు, చిలుకను గిణి యందురు, పాలపిట్టను నీలకంఠ మందురు. ఆ పాలపిట్టయే కర్ణాటకమునకును, తెలంగాణమునకును రాష్ట్రపక్షి. ఈ పేర్లను పుస్తకమున చదివించినచో పరీక్ష ముగియగానే మరచిపోవుదురు. పిగిలిపిట్ట వసారాలోనికి వచ్చినప్పుడు, అదిగో పిగిలి అని అమ్మమ్మ చూపినచో ఆ మాట జీవితాంతము నిలుచును. పక్షి రానిచో పేరు చెప్పు సందర్భమే రాదు. పిట్టల పేర్లు తెలిసిన పెద్దలు నేడు మన యిండ్లలో ఇంకను ఉన్నారు. వారు ఉండగనే ఈ పని జరుగవలెను.

కావున ఈ సభవారికి నా విన్నపము మూడు మాటలలో: ఈ వేసవిలో ఇంటికొక నీటి మూకుడు, ఈ వర్షాకాలమున ఇంటికొక మొక్క, సజ్జ క్రింద ఒక గూటిపెట్టె. దానితోపాటు గోడకొక కాగితము అంటించి, వచ్చిన పక్షి పేరును తెలుగునను, కన్నడమునను పిల్లలచే వ్రాయింపవలెను. పేరు తెలియనిచో ఇంటి పెద్దలను గాని, ప్రక్కయింటి కన్నడ పెద్దలను గాని అడుగనిండు. ఆ జాబితాలను ఉగాది సమావేశమునకు తెచ్చినచో అందరము కలిసి చూచుకొందము. ఎన్ని పేర్లు చేరినవో, ఎన్ని యిండ్లలో పిచ్చుక గూడు కట్టినదో అప్పుడు తెలియును.