బలిపీఠం చెప్పే మాట

కతోలిక దేవాలయంలో అడుగుపెట్టగానే చూపు బలిపీఠం మీదికే వెళ్తుంది. అది క్రీస్తుకు గుర్తు. అందుకే పూజ మొదట్లో గురువు వంగి దాన్ని ముద్దుపెట్టుకుంటారు. ప్రతిష్ఠ రోజున పీఠాధిపతి దానికి పవిత్ర తైలం పూస్తారు. పునీతుల అవశేషాలను దాని కింద భద్రపరిచే ఆచారమూ ఉంది.

బైబిలు పఠనాలు వాక్యపీఠం నుంచి వినిపిస్తారు. దివ్యసత్ప్రసాదం ఉంచే మందసం దగ్గర ఆరకుండా వెలిగే దీపం క్రీస్తు సన్నిధికి సూచన. భక్తులు అక్కడ మోకాలు వంచుతారు.

జ్ఞానస్నానపు తొట్టి చాలాచోట్ల ఎనిమిది పలకలుగా ఉంటుంది. ఏడు రోజుల వారం దాటాక వచ్చే ఎనిమిదో రోజు, అంటే క్రీస్తు లేచిన ఆదివారం, కొత్త జీవితానికి ఆరంభమని దాని భావం.

పవిత్ర గురువారం పూజ ముగిశాక బలిపీఠం మీది వస్త్రాలన్నీ తీసేస్తారు. క్రీస్తు శ్రమల దినాన పీఠానికీ అలంకారం ఉండదు.