ఆ నలుగురు రాకపోతే? అమెరికా చిన్న ఊళ్లలో వాలంటీర్ ఫైర్ కంపెనీల సంగతి

 

అమెరికాలో ఫైర్ ఇంజన్ మీద వచ్చేవాళ్లకి జీతాలు ఉండవట, నిజమేనా అన్నా అని చాలామంది అడుగుతుంటారు. ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే. షార్ట్ ఆన్సర్ కావాలంటే, ఎక్కువమందికి నిజంగానే ఉండవు. 2020 లెక్కల ప్రకారం అమెరికాలో సుమారు 10 లక్షల 41 వేల మంది ఫైర్‌ఫైటర్లు ఉన్నారు. వాళ్లలో దాదాపు 6 లక్షల 77 వేల మంది వాలంటీర్లే. అంటే 65 శాతం. న్యూయార్క్, షికాగో లాంటి పెద్ద సిటీల్లో జీతాలున్న ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఉంటాయి. చిన్న ఊళ్లలో మాత్రం మంట ఆర్పడానికి వచ్చేది మెకానిక్కు, స్కూల్ టీచరు, పాల ఫారం ఓనరు, కాలేజీ కుర్రాడు.

ముందు రెండు మాటలు క్లియర్ చేసుకుందాం. వాలంటీర్ అనగానే ఆంధ్రాలో చాలామందికి ఇంటికి పింఛన్ తెచ్చిచ్చిన వాలంటీరే గుర్తొస్తారు. ఇది అది కాదు. రెండోది, కంపెనీ అంటే మన టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి కంపెనీ అనుకోకండి. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో ఊరివాళ్లు కలిసి పెట్టుకున్న ఫైర్ సంఘాన్ని ఫైర్ కంపెనీ అంటారు. లాభం ఉండదు, షేర్లు ఉండవు. సభ్యులు, ఎన్నికలు, మీటింగులు, ఒక షెడ్డు, అందులో ఇంజన్లు. అంతే.

ఈ పద్ధతి చాలా పాతది. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఇంకొంతమంది కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ అని ఒకటి మొదలుపెట్టారు. సభ్యుడు అన్నవాడు నీళ్లు మోయడానికి తోలు బకెట్లు, ఇంట్లో సామాన్లు బయటికి తేవడానికి సంచులు రెడీగా ఉంచుకోవాలి. ఎవరింట్లో మంట లేచినా అవి పట్టుకుని పరిగెత్తాలి. జీతాలిచ్చే ఫైర్ డిపార్ట్‌మెంట్ చాలా తర్వాత వచ్చింది. 1853లో సిన్సినాటీ సిటీ పూర్తి జీతాలతో ఒకటి నడపడం మొదలుపెట్టింది. పెద్ద సిటీలన్నీ మెల్లగా ఆ దారిలో వెళ్లాయి. చిన్న ఊళ్లకి అంత డబ్బు లేదు, అందుకే పాత పద్ధతే మిగిలింది. ఇది అమెరికాలో మాత్రమే ఉందని కూడా అనుకోకండి. చిలీ దేశంలో ఫైర్‌ఫైటర్లందరూ వాలంటీర్లే.

సరే, అసలు ఇది ఎలా పనిచేస్తుంది? సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈజీగా అర్థమవుతుంది. నేను ఉద్యోగం చేసేటప్పుడు ఆన్-కాల్ ఉండేది. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి ల్యాప్‌టాప్ తెరవాలి. వీళ్లదీ ఆన్-కాలే, కాకపోతే రొటేషన్ ఉండదు. సంవత్సరం పొడుగునా అందరూ ఆన్-కాలే. ఎవరో 911కి ఫోన్ చేస్తారు. కౌంటీ కంట్రోల్ రూమ్ నుంచి ఆ ఊరి కంపెనీకి పేజర్ మోగుతుంది, ఇప్పుడైతే ఫోన్ యాప్ కూడా. చాలా ఊళ్లలో ఫైర్‌హౌస్ మీద సైరన్ కూడా కూస్తుంది. అన్నం తింటున్నవాడు లేస్తాడు, పొలంలో ఉన్నవాడు ట్రాక్టర్ ఆపేస్తాడు. సొంత కార్లో ఫైర్‌హౌస్‌కి వెళ్లి, డ్రెస్ వేసుకుని, ఇంజన్ ఎక్కాలి. ఆ కోటు, ప్యాంటు, బూట్లు, హెల్మెట్, వీపుకి గాలి సిలిండర్ అన్నీ కలిపితే 20 కిలోల పైనే. 30 నిమిషాలు వస్తుందని రాసి ఉన్న సిలిండర్ కష్టపడి పనిచేస్తుంటే 20 నిమిషాలు కూడా రావడం కష్టం.

తర్వాతి సమస్య నీళ్లు. సిటీలో అయితే రోడ్డు పక్కన హైడ్రెంట్ ఉంటుంది, పైపు తగిలిస్తే సరిపోతుంది. పల్లెటూళ్లో హైడ్రెంట్ ఉండదు. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. మంట మీద కొట్టే ఒక పైపు నిమిషానికి సుమారు 570 లీటర్లు తాగేస్తుంది. 7,500 లీటర్ల ట్యాంకర్ తెచ్చారనుకోండి, ఒక్క పైపుకే 13 నిమిషాల్లో ఖాళీ. అందుకే రోడ్డు మీద మడతపెట్టే పెద్ద తొట్టి ఒకటి విప్పుతారు. ట్యాంకర్ వచ్చి అందులో కుమ్మరించి చెరువు దగ్గరికో, వాగు దగ్గరికో మళ్లీ వెళ్తుంది. ఇంజన్ ఆ తొట్టిలోంచి నీళ్లు లాక్కుంటుంది. ఒక ట్యాంకర్ వెళ్లేలోపు ఇంకోటి రావాలి. అందుకే పక్క ఊరి కంపెనీలు కూడా వస్తాయి. పెళ్లిలో బంతికి బంతి ఆగకుండా వడ్డిస్తారు చూడండి, అలా అన్నమాట. ఒక్కచోట తేడా వస్తే లోపల పైపు పట్టుకున్నవాడి దగ్గర నీళ్లు ఆగిపోతాయి. వారంలో ఒక సాయంత్రం డ్రిల్ అని వీళ్లు కూడేది ఇలాంటివి ప్రాక్టీస్ చేయడానికే.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. కాలుతున్న ఇంట్లోకి వెళ్లాలంటే ఇద్దరు కలిసి లోపలికి వెళ్లాలి, ఇంకో ఇద్దరు డ్రెస్‌తో రెడీగా బయట ఉండాలి. లోపల ఉన్నవాళ్లకి ఏమైనా అయితే వాళ్లని బయటికి లాగడానికి. దీన్ని టూ ఇన్, టూ అవుట్ అంటారు. ఓషా అనే కార్మిక భద్రతా సంస్థ పెట్టిన రూలు ఇది. వాలంటీర్లకి చట్టపరంగా వర్తిస్తుందా లేదా అనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కానీ పద్ధతిగా నడిచే కంపెనీలు పాటిస్తాయి. లోపల మనిషి ప్రాణం ప్రమాదంలో ఉందని తెలిస్తే మాత్రం ఆగక్కర్లేదు. లేకపోతే నలుగురు లేనిదే లోపలికి వెళ్లకూడదు. పంపు దగ్గర ఒకరు, మొత్తం చూసుకునే ఆఫీసర్ ఒకరు ఎటూ కావాలి.

మనలో ఒక మాట ఉంది కదా, పోయినప్పుడు మోయడానికి నలుగురు ఉండాలని. ఆ నలుగురు సినిమా కూడా చూసే ఉంటారు. ఇక్కడ బతికుండగానే నలుగురు కావాలి, అదీ కొన్ని నిమిషాల్లో.

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి పేజర్ మోగిందనుకుందాం. లిస్టులో 25 పేర్లున్నాయి. సగం మంది 40 కిలోమీటర్ల దూరంలో సిటీలో ఉద్యోగంలో ఉన్నారు. ఇద్దరికి మోకాళ్లు పనిచేయవు, ఇంజన్ నడపగలరు కానీ మంటలోకి వెళ్లలేరు. ఒకరు పిల్లల్ని చూసుకుంటున్నారు. చివరికి వచ్చింది ముగ్గురు. ఇంజన్ కొత్తదే, నీళ్లున్నాయి, పైపులున్నాయి. కానీ ముగ్గురే. పక్క ఊరివాళ్లు వచ్చేదాకా బయట నుంచే నీళ్లు కొట్టాలి. ఈ సీన్ నేను ఉదాహరణకి అల్లిందే, కానీ పగటిపూట మనుషులు దొరకకపోవడం వాలంటీర్ కంపెనీలన్నిటికీ తెలిసిన బాధ.

ఎందుకిలా అయింది? ఒకప్పుడు ఊరివాళ్ల ఉద్యోగం ఊళ్లోనే ఉండేది. మిల్లు ఓనర్ కూడా సైరన్ మోగితే వెళ్లిరా అనేవాడు. ఇప్పుడు ఉద్యోగాలు దూరం వెళ్లాయి, కొంతమందికి రెండేసి ఉద్యోగాలు. ట్రైనింగ్ గంటలు పెరిగాయి. పెరగాలి కూడా, ఎందుకంటే ప్రమాదాలు పెరిగాయి. 1984లో దేశం మొత్తం మీద దాదాపు 9 లక్షల మంది వాలంటీర్లు ఉండేవాళ్లు, 2020కి 6 లక్షల 77 వేలు. పెన్సిల్వేనియాలో ఇంకా దారుణం. 1970ల్లో సుమారు 3 లక్షల మంది ఉండేవాళ్లని, 2018 నాటికి 38 వేలకి పడిపోయారని ఆ రాష్ట్ర శాసనసభ కమిషన్ రిపోర్టే చెప్పింది. ఉన్నవాళ్లకి కూడా వయసు మీద పడుతోంది. బాగా చిన్న ఊళ్లలో సగానికి పైగా 40 దాటినవాళ్లే.

మనుషులు తగ్గారు, పని తగ్గిందా అంటే లేదు. 1980తో పోలిస్తే మంటలు సగానికి తగ్గాయి, కానీ మొత్తం కాల్స్ మూడు రెట్లు దాటాయి. ఎక్కువ శాతం మెడికల్ కాల్స్. గుండె నొప్పి, బాత్రూంలో జారిపడ్డ పెద్దావిడ, రోడ్డు యాక్సిడెంట్. ఇంకా విరిగిపడ్డ చెట్లు, నీళ్లు నిండిన బేస్‌మెంట్లు, ఊరికే మోగిన అలారాలు.

టైమ్ గురించి కూడా చెప్పాలి. వాలంటీర్ కంపెనీలకి ఒక స్టాండర్డ్ ఉంది. పల్లెటూళ్లో అయితే 6 మంది 14 నిమిషాల్లో చేరుకోవాలి, పదిసార్లలో ఎనిమిదిసార్లు. మరి మంటకి ఎంత టైమ్ పడుతుంది? యూఎల్ అనే సంస్థ రెండు గదులు కట్టి తగలబెట్టి చూసింది. పాతకాలపు చెక్క, కాటన్ సామాన్లున్న గది పూర్తిగా మంటల్లో మునగడానికి దాదాపు అరగంట పట్టింది. ఇప్పటి ఫోమ్ సోఫాలు, ప్లాస్టిక్ సామాన్లున్న గదికి 5 నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు ఈ 5ని, ఆ 14ని పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత వేగంగా వచ్చినా ఆ గదిని కాపాడటం వాళ్ల చేతుల్లో లేదు. లోపలి మనుషుల్ని కాపాడేది చాలాసార్లు పది, ఇరవై డాలర్ల స్మోక్ అలారం. అందుకే మంచి కంపెనీలు ఇంటింటికీ వెళ్లి అలారాలు బిగిస్తాయి, అక్టోబర్‌లో ఫైర్ ప్రివెన్షన్ వీక్‌కి స్కూళ్లకి వెళ్లి పిల్లలకి చెప్తాయి. ఎవరూ వీడియో తీయని పని అది.

ఇక డబ్బులు. కొత్త ఫైర్ ఇంజన్ ఒకటి 5 లక్షల డాలర్లు దాటిపోతుంది. ఊరి పన్నుల నుంచి కొంత వస్తుంది, గ్రాంట్లు కొన్ని. మిగతాది? చికెన్ బార్బెక్యూ, శుక్రవారం ఫిష్ ఫ్రై, పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్, బింగో. రాత్రి మూడు గంటలకి యాక్సిడెంట్‌లో కారు రేకు కోసి మనిషిని బయటికి తీసినవాడే ఆదివారం పొద్దున పాన్‌కేకులు వేస్తుంటాడు. మన వినాయక చవితి కమిటీ చందాలు చూసినవాళ్లకి ఈ కష్టం తెలుసు. కాకపోతే ఇక్కడ చందా తగ్గితే లడ్డూ చిన్నదవ్వదు, పాతబడ్డ గాలి సిలిండర్ ఇంకో ఏడాది వాడాల్సి వస్తుంది.

ఇందులో ప్రాణాలు పోతాయి కూడా. 2013 ఏప్రిల్ 17 సాయంత్రం టెక్సస్‌లో వెస్ట్ అనే చిన్న ఊళ్లో ఎరువుల గోదాం అంటుకుంది. వాలంటీర్లు వెళ్లారు. లోపల అమోనియం నైట్రేట్ ఉంది. మంట గురించి కబురు అందిన 20 నిమిషాలకే అది పేలిపోయింది. 15 మంది చనిపోయారు, వాళ్లలో 12 మంది సాయానికి వెళ్లినవాళ్లే. తర్వాత విచారణ చేసిన కేంద్ర సంస్థ చెప్పిన కారణాల్లో ఇది కూడా ఉంది: ఆ ఎరువు ఎంత ప్రమాదమో వాళ్లకి సరైన ట్రైనింగ్ లేదు, ముందుగా వేసుకున్న ప్లాన్ లేదు. ధైర్యానికి లోటు లేదు. ఊళ్లో ఏ గోదాంలో ఏముందో రాసుకున్న ఒక కాగితం, దాని మీద ఒక డ్రిల్, ఎంత దూరంలో ఆగిపోవాలో ముందే అనుకున్న ఒక మాట, ఇవి లేవు.

మరి దారేంటి? కొన్ని ఊళ్లు రెండు మూడు కంపెనీలని కలిపేస్తున్నాయి. కొన్ని పగటిపూట మాత్రం జీతమిచ్చి ఇద్దరు ముగ్గుర్ని పెట్టుకుంటున్నాయి. కొన్ని చోట్ల ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి చిన్న పింఛన్ లాంటిది, పన్నులో తగ్గింపు ఇస్తున్నారు. పెన్సిల్వేనియాలో 14 ఏళ్ల పిల్లల్ని కూడా జూనియర్లుగా తీసుకుంటారు. మంటలోకి పంపరు, ట్రైనింగ్ ఇస్తారు. ఇంకోటి, చాలామందికి తెలియనిది. మంటలోకి వెళ్లేవాళ్లే కావాలని లేదు. లెక్కలు రాసేవాళ్లు, గ్రాంట్ అప్లికేషన్ నింపేవాళ్లు, వెబ్‌సైట్ చూసేవాళ్లు కూడా కావాలి. న్యూజెర్సీలో, పెన్సిల్వేనియాలో ఉంటూ ఇది చూస్తున్న మన తెలుగువాళ్లూ, మీ టౌన్‌షిప్ ఫైర్ కంపెనీ నుంచి చందా అడుగుతూ ఉత్తరం వస్తే జంక్ మెయిల్ అని పారేయకండి. ఒకసారి తెరిచి చూడండి. మీ ఇల్లు కాలితే వచ్చేది వాళ్లే కావచ్చు.

మన దగ్గర సంగతేంటి? మనకి ప్రభుత్వ ఫైర్ సర్వీస్ ఉంది, జీతాలున్న సిబ్బంది ఉన్నారు. కానీ మండలానికో స్టేషన్ లేదు. ఎండాకాలంలో గడ్డివాము అంటుకుంటే, పూరిల్లు అంటుకుంటే ముందు పరిగెత్తేది బిందెలు పట్టుకున్న పక్కింటివాళ్లే, పొలం మోటర్ ఆన్ చేసేది ఊరి కుర్రాళ్లే. అంటే మనకి వాలంటీర్లు ఎప్పటినుంచో ఉన్నారు. లేనిది డ్రిల్, లిస్టు, సామాన్లు. కేంద్రం ఆపద మిత్ర అని ఒక స్కీమ్ పెట్టి, దేశంలో 350 జిల్లాల్లో లక్ష మందికి వరదలు, తుఫాన్ల లాంటి విపత్తుల్లో ఎలా సాయపడాలో ట్రైనింగ్ ఇవ్వాలని టార్గెట్ పెట్టుకుంది. మీ జిల్లాలో అలాంటి ట్రైనింగ్ ఉందేమో కలెక్టరేట్‌లో అడగండి, అడిగితే పోయేదేం లేదు.

ఈ వీడియో అయ్యాక పది నిమిషాలు పట్టే మూడు పనులు చేయండి. ఒకటి, మీకు దగ్గరి ఫైర్ స్టేషన్ ఎక్కడుందో, ఎంత దూరమో చూసుకోండి. నంబర్ 101, లేదా 112. రెండు, మీ అపార్ట్‌మెంట్‌లోనో హాస్టల్‌లోనో గోడకున్న ఎర్ర సిలిండర్ ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో చూడండి. వాడటం కూడా గుర్తుపెట్టుకోండి: పిన్ లాగాలి, మంట మొదలు వైపు గురిపెట్టాలి, హ్యాండిల్ నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. చిన్న మంటకే అది. పెద్దదైతే బయటికి వచ్చేయండి. మూడు, మీ ఫ్లోర్‌లో, మీ వీధిలో పగలు రెండు గంటలకి ఇంట్లో ఉండే నలుగురి పేర్లు ఫోన్లో రాసుకోండి.

నలుగురు దొరికారా, లేదా? కామెంట్లో ఆ నంబర్ ఒక్కటి పెట్టండి చాలు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, జాగ్రత్త.