పేరుకు ముందు కులం, వెనక 'ది'

(ప్రసంగ పాఠం)



మన జనగామ జిల్లా పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని ఎదిరించి, తాను పండించిన పంటను సంఘం అండతో దక్కించుకున్న స్త్రీ ఇంటిపేరు చిట్యాల. ఇక్కడ ఎంతమందికి ఆ ఇంటిపేరు తెలుసు? మనందరికీ ఆమె చాకలి ఐలమ్మ. ఆయనను మాత్రం ఊరు 'దొర' అంది, సర్కారు 'దేశ్‌ముఖ్' అంది. ఆయన తల్లి 'దొరసాని'.

అయితే ఆ 'చాకలి'ని చెరిపేద్దామా? నేను ఒప్పుకోను. ఐలమ్మ 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఆ మాటనూ ఉంచారు. తీసేస్తే వెట్టిచాకిరీ కథ కూడా పోతుంది. అక్కడ అది గౌరవం. 'ఐలమ్మ' తీసేసి 'చాకల్ది' అనండి, అదే మాట చెప్పుదెబ్బ.

ఈ 'ది' సంగతి చూడండి. ఆడమనిషి వచ్చినా, బర్రె వచ్చినా మనం 'వచ్చింది' అనే అంటాం. మగవాడైతేనే 'వచ్చిండు'. వ్యాకరణాన్ని ఇవాళ మార్చలేం గానీ, కులానికి 'ది' తగిలించడం వ్యాకరణం కాదు, పొగరు. మహబూబాబాద్ తండా నుంచి అంగడికొచ్చిన స్త్రీ 'లంబాడిది'. భూపాలపల్లి అడవి పల్లె నుంచి వచ్చిన స్త్రీ 'కోయది'. వాళ్లు తమను తాము గోర్ అనీ, కోయితూర్ అనీ చెప్పుకుంటారు. మనం ఎన్నడైనా అడిగామా? ఆడపిల్ల నాలుగు రంగుల బట్ట కడితే 'లంబాడిదానిలా ఉన్నావ్' అనేది తల్లులే. ఆ తల్లులు ఇక్కడా ఉన్నారు, కోపం తెచ్చుకోకండి.

కులంతో పనిలేని ముద్రలూ ఉన్నాయి: గొడ్రాలు, గయ్యాళి. లోపం మొగుడిదైనా 'గొడ్రాలు' ఆమే. న్యాయమూర్తులు స్త్రీల గురించి వాడకూడని మాటలతో సుప్రీంకోర్టు 2023లో ఒక చేతిపుస్తకం తెచ్చింది. అందులోవి ఇంగ్లీషు మాటలు. మన పంచాయితీల్లో నడిచేది తెలుగు.

ఇక చట్టం. నలుగురూ చూసే, వినే చోట ఎస్సీ, ఎస్టీలను బయటి కులాలవాళ్లు కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 1976 సవరణతో ఎస్టీల్లో చేరిన తెలంగాణ లంబాడా స్త్రీకి ఆ రక్షణ ఉంది. చాకలి స్త్రీ బీసీ కాబట్టి, ఐలమ్మ మనవరాలిని అదే తీరున తిట్టినా ఆ చట్టం వర్తించదు. దీని మీద మనం గట్టిగా మాట్లాడాలి.

రక్షణ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఫిర్యాదులో 'కులం పేరుతో తిట్టాడు' అని సరిపెట్టకండి. అన్న మాటను అన్నట్టే రాయించండి. ఎక్కడ అన్నాడో, ఎవరెవరు విన్నారో రాయించండి. స్టేషన్‌లో రైటరు "ఆ మాటెందుకమ్మా, మర్యాదగా రాస్తాలే" అంటే ఒప్పుకోకండి.