పేరు తెలిసిన బాధ

తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల నుంచి పట్టాలు అందుకుంటున్న మిత్రులారా,

తెనాలి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కుమారుడు గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' రాశారు. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరుపడ్డ ఆ పుస్తకంలో కథానాయకుడు సీతారామారావు చివరికి తన ప్రాణం తానే తీసుకుంటాడు. ఇంట్లో భార్య ఉంది, హితవు చెప్పే పెద్దలూ ఉన్నారు. అతని బాధను జబ్బుగా చూసి వైద్యం చేయించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు.

ఇప్పుడు వైద్యం అందుబాటులో ఉంది. అయినా 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి డెబ్బై నుంచి తొంభై రెండు మందికి చికిత్సే అందడం లేదు. వైద్యుల కొరత ఒక కారణం. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు మరొకటి. రేపల్లె కుర్రాడొకడు నిద్ర పట్టక నెలల తరబడి నలిగిపోతాడు. ఇంట్లోవాళ్లు "నరాల బలహీనత" అని టానిక్ కొనిస్తారు, లేదా దిష్టి తీస్తారు. ఎట్టకేలకు రైలెక్కి తెనాలి దాటి గుంటూరులో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తాడు, తెలిసినవాళ్లెవరూ కనిపించకూడదని.

అంత భయపడి వెళ్తే డాక్టరు గదిలో ఎదురయ్యేవి మామూలు ప్రశ్నలే. నిద్ర ఎలా ఉంది, అన్నం సహిస్తోందా, ఎన్నాళ్లుగా ఇలా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? థైరాయిడ్ పరీక్ష కూడా రాయొచ్చు, ఎందుకంటే ఆ గ్రంథి మందగించినా మనిషి దిగులుగానే కనిపిస్తాడు. డిప్రెషన్ అని తేలితే, మందుల గుణం కనిపించడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. చాలామంది చతికిలపడేది ఇక్కడే. వారం వాడి ఫలితం లేదని మానేసేవాళ్లు కొందరు, తేలికపడగానే ఇక అక్కర్లేదని మానేసేవాళ్లు మరికొందరు. ఆపాలన్నా తగ్గించాలన్నా డాక్టరును అడిగే చేయాలి.

రోగ నిర్ధారణ అయినంత మాత్రాన ఈ పట్టా విలువ తగ్గదు. షుగరు ఉన్న మాస్టారు పాఠం చెప్పినట్టే, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్న ఇంజనీరూ మందులు వేసుకుంటూ ఉద్యోగం చేసుకోగలడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. శరీర రోగాలకు వర్తించే బీమా మానసిక రోగాలకూ వర్తించాలంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోన్ సహాయ సేవకు 14416 నంబరులో ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ చట్టంలోనే మరో వీలుంది. తనకు సొంతంగా నిర్ణయించుకునే స్థితి లేనప్పుడు అండగా నిలిచే ప్రతినిధి ఎవరో, పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఉంచుకోవచ్చు. అమ్మో, అన్నో, హాస్టల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితుడో, ఎవరి పేరు రాయాలో ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఈ వారంలోనే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు.