కరెంటు పోయిన రాత్రి ముందు ఏ తలుపు తట్టాలి?



చదువుల సహాయం గురించి, వితంతువుల పింఛన్ల గురించి ఇప్పటిదాకా నివేదికలు విన్నారు. మేము చెప్పబోయేది వాటి పక్కన చిన్న విషయంలా కనిపించవచ్చు. గాలివాన వచ్చి కరెంటు పోతే మన మొహల్లాల్లో ఏం జరుగుతుంది, అప్పుడు మీరిచ్చే సొమ్ము ఎక్కడ పనికొస్తుంది, ఇదే సంగతి.

లక్డీకాపూల్, రెడ్‌హిల్స్, ఏసీ గార్డ్స్, నాంపల్లి గల్లీలు మీరు పుట్టి పెరిగినవే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు కమ్మి ఈదురుగాలి లేస్తుంది. ఏ పాత చెట్టు కొమ్మో విరిగి తీగల మీద పడుతుంది. నాలుగు గల్లీలు చీకటైపోతాయి. ఆ కొమ్మ కొట్టాలి, తీగ ఎత్తి కట్టాలి, స్తంభం వంగితే మార్చాలి. వానలో స్తంభమెక్కే లైన్‌మన్‌ను తిట్టుకుని లాభం లేదు. ఆయన ఇల్లూ ఆ రాత్రి చీకట్లోనే ఉండి ఉంటుంది. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించడం, తెగిన తీగ దగ్గరకు పిల్లల్ని పోనివ్వకపోవడం, ఇంతవరకే మన చేతిలో ఉంది.

2020 అక్టోబరు 13 రాత్రి సంగతి వేరు. బేగంపేటలో 24 గంటల్లో 190 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. నగరంలో ఎన్నో అపార్ట్‌మెంట్ల సెల్లార్లు నిండాయి. మీటర్ బోర్డులు ఉండేదీ అక్కడే. నీళ్లలో మునిగిన బోర్డుకు కరెంటు ఇస్తే ప్రాణాలు పోతాయి కాబట్టి ఇవ్వరు. నీళ్లు తోడాలంటే మోటారు నడవాలి, మోటారు నడవాలంటే కరెంటు కావాలి. డీజిల్ పంపు దొరికినవాళ్లు ముందు బయటపడ్డారు.

అంతకు ఆరేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, విశాఖపట్నం మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. ఆ పేరు ఒమన్ దేశం పెట్టింది. సులైమాన్ అలైహిస్సలామ్ వృత్తాంతంలో సబా దేశం కబురు తెచ్చిన పక్షి పేరు అది. ఈ హుద్‌హుద్ తెచ్చిన కబురు మాత్రం మనం ఇంకా సరిగ్గా వినలేదేమోనని మాకనిపిస్తుంది. స్తంభాలు వేలల్లో కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు మూగబోయాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. పాల ప్యాకెట్టు కోసం, మంచినీళ్ల డబ్బా కోసం జనం తిరిగారు. జేబులో నోట్లు ఉన్నవాళ్లకూ కొనడానికి వస్తువు లేదు. ఏటీఎం కూడా కరెంటుతోనే నడుస్తుందని చాలామందికి ఆ రోజే గుర్తొచ్చింది.

మేము చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే. తుపాను వచ్చాక పోగుచేసే చందా ఆ మొదటి రాత్రికి అందదు. అది ముందే వస్తువుగా మారి, ఏ ఇంటికి వెళ్లాలో తెలిసి, సిద్ధంగా ఉండాలి.

గత వేసవిలో మన గల్లీల్లోనే ఒక సాయంత్రం గాలివానకు పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. ఒక ఇంట్లో మూడో అంతస్తులో ఒక పెద్దమ్మ. ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్నారు. ఎదురింటివాళ్లు తమ ఫ్యాన్లు ఆపుకుని, ఇన్వర్టర్ నుంచి వైరు లాగి ఇచ్చారు. ఆ ఇంటి కోడలు బ్యాటరీ మీది దీపాన్ని చూస్తూ కూర్చుంది. అర్ధరాత్రికి ఆ బ్యాటరీ దిగిపోయింది. ఇద్దరు కుర్రాళ్లు స్కూటర్ మీద వానలో తిరిగి, ముగ్గురిని నిద్రలేపి ఒక సిలిండర్ తెచ్చారు. తీరా చూస్తే దానికి రెగ్యులేటర్ లేదు. మళ్లీ వెళ్లారు. అల్లాహ్ దయవల్ల ఆమె క్షేమంగా ఉన్నారు. అదే రాత్రి ఆ గల్లీకి ఎవరో ప్రేమతో భోజనం ప్యాకెట్లు పంపారు. పంపినవారికి అల్లాహ్ మేలు చేయుగాక. కానీ ఆ ఇళ్లలో గ్యాస్ పొయ్యి వెలుగుతూనే ఉంది, అన్నం ఉడుకుతూనే ఉంది. లేనిది రెగ్యులేటర్.

ఇక్కడ కొంచెం లెక్క చెబుతాం, ఓపిక పట్టండి. నిమిషానికి 5 లీటర్లిచ్చే కాన్సంట్రేటర్ సుమారు 300 నుంచి 350 వాట్లు తింటుంది. మన ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండుగా, కొత్తగా ఉంటే మూడు, నాలుగు గంటలు లాగుతుంది. పాతదైతే అంత కూడా లాగదు. అదే 1,500 లీటర్ల బీ టైపు సిలిండర్, డాక్టరు నిమిషానికి 2 లీటర్లు రాసిన రోగికి, 12 గంటలు వస్తుంది. అందుకే అలాంటి ఇంటికి రెండో బ్యాటరీ కంటే, రెగ్యులేటర్ బిగించి ఉన్న ఒక సిలిండర్ మేలని మా అభిప్రాయం. సిలిండర్ ఉన్న గదిలో కొవ్వొత్తి, అగరుబత్తి, బీడీ ఏదీ ఉండకూడదు.

ఇన్సులిన్ విషయంలో భయం ఎక్కువ, నష్టం తక్కువ. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటకపోతే సాధారణంగా నాలుగు వారాలు బయట ఉండగలదు. వేసవిలో మన గదులు 30 దాటుతాయి కాబట్టి, మూత బిగించిన డబ్బాలో సీసా పెట్టి, ఆ డబ్బాను తడిపిన మట్టికుండలో ఉంచితే చాలు. ఐస్ ముక్కల్లో మాత్రం పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. ఇక ఫ్రిజ్, తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. మన ఇళ్లలో పది నిమిషాలకోసారి తెరిచి చూసేవాళ్లు ఒకరైనా ఉంటారు, అది వేరే విషయం.

నీళ్ల కష్టం పై అంతస్తుల్లో వృద్ధులది. మోటారు నడవదు, ట్యాంకు ఖాళీ అవుతుంది, లిఫ్టు ఆగుతుంది. రెండు బిందెల నీళ్లు పైకి చేర్చే కుర్రవాడి మోకాళ్లు ఆ రోజు మన చెక్కుల కంటే విలువైనవి.

జనరేటర్ ఉన్న సోదరులకు ఒక మనవి. మెట్ల కింద గానీ, మూసిన వరండాలో గానీ నడపకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఛేంజోవర్ స్విచ్ లేకుండా గోడ సాకెట్‌కు కలపకండి. ఆ కరెంటు వెనక్కి తీగల్లోకి పారి, చచ్చిన లైన్ అనుకుని పట్టుకున్న లైన్‌మన్‌ను చంపుతుంది. కొవ్వొత్తుల సంగతి మీకు చెప్పాలా? పడుకునే ముందు దీపాలు ఆర్పమని ప్రవక్త (స) చెప్పి ఉన్నారు. ఛార్జింగ్ లాంతరు ఇప్పుడు అంత ఖరీదేమీ కాదు.

ఇక మీ నుంచి కోరేది. రీఫిల్ చేసిన సిలిండర్లు, వాటి రెగ్యులేటర్లు, ఛార్జింగ్ లాంతర్లు, ఒక డీజిల్ పంపు. ఇవి సంస్థ గదిలో ఉంటాయి. తాళంచెవి గల్లీకొకరి దగ్గర ఉంటుంది. దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చా లేదా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకుంటాం. అప్పటిదాకా సదఖా, లిల్లాహ్ చందాలే తీసుకుంటాం. మతం అడగం. నీలోఫర్‌కు, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి దూరాల నుంచి వచ్చి, రెడ్‌హిల్స్‌లో గది అద్దెకు తీసుకున్న రోగుల కుటుంబాలు కూడా ఈ జాబితాలో ఉండాలి. వాళ్లకు ఇక్కడ తలుపు తట్టే ఎదురిల్లు లేదు.

జాబితా ఫారాలు వెనుక బల్ల మీద ఉన్నాయి. ఇంటి గుర్తు, అంతస్తు, ఏ యంత్రం, డాక్టరు రాసిన ఆక్సిజన్ మోతాదు, ఇంట్లో బ్యాటరీ ఉందా లేదా రాస్తే చాలు. మీ ఇంటిది కాకపోతే పక్కింటివాళ్లను అడిగి నింపండి. మార్చి నెలాఖరులోగా అందాలి. ఏప్రిల్‌లో గాలులు మొదలవుతాయి.