ఛాతీ నొప్పిని గ్యాసని వదిలేయవద్దు
(అత్తిమంజేరిపేట సభలో సంఘ కార్యదర్శి ప్రసంగ పాఠం)



కూలి గురించి, పని గంటల గురించి మనం ఎన్నో సభలు జరుపుకున్నాము. ఈ రోజు గుండెనొప్పి గురించి మాట్లాడుకుందాము. రాత్రి షిఫ్టులో మనలో ఒకరికి ఛాతీ పట్టేస్తే మనం చేసేదేమిటి? గ్యాసు అంటాము. సోడా తాగిస్తాము. తెల్లారనీ చూద్దాము అంటాము. మగ్గం ఆగితే కూలి పోతుంది గనుక నొప్పి ఉన్నవాడు కూడా సరేనంటాడు.

గుండెకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే, ఆ నాళం మీద బతికే కండ నిమిష నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. గడ్డను కరిగించే మందు ఉంది, సన్నని గొట్టం పంపి నాళాన్ని తెరిచే వైద్యమూ ఉంది. కాని వేళకు అందాలి. పెద్దాసుపత్రి దూరంగా ఉన్న మనవంటి ఊళ్ళకు ఎలా అందుతుంది? దీన్ని మన తమిళనాడులోనే పరీక్షించి చూశారు. చిన్న ఆసుపత్రులను ఒక పెద్దాసుపత్రికి జోడించారు. ఇ.సి.జి. తీసి అక్కడి డాక్టర్లకు పంపారు. కరిగించే మందు దగ్గరి ఆసుపత్రిలోనే ఎక్కించి, తర్వాత పెద్దాసుపత్రికి తరలించారు. 2420 మంది రోగుల లెక్క 2017లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది. ఏడాది లోపల చనిపోయినవారు అంతకుముందు నూటికి 17.6 మంది, ఏర్పాటు తర్వాత 14.2 మంది. వెయ్యి మందికి 34 ప్రాణాల తేడా! కొత్త మందేమీ కనిపెట్టలేదు, ఉన్నవాటినే ఒక వరుసలో పెట్టారు.

108 బండి మన తెలుగునాట పుట్టిందే. 2005లో హైదరాబాదులో మొదలై, 2008లో తమిళనాడుకు వచ్చింది. మనది సరిహద్దు ఊరు. అందుకని ఫోనులో ముందుగా తమిళనాడు, పళ్ళిపట్టు తాలూకా, అత్తిమంజేరిపేట అని చెప్పండి. తర్వాతే మిగతా కథ.

డాక్టరు దగ్గర ఏదీ దాచవద్దు. గడ్డను కరిగించే మందు ఒంట్లో ఇంకెక్కడైనా రక్తం కారేలా చేయగలదు. ఇంతకుముందు పక్షవాతం వచ్చినా, ఈమధ్య ఆపరేషన్ జరిగినా, కడుపులో పుండున్నా చెప్పాలి. పాత చీటీలు, మింగే మాత్రలు సంచిలో వేసుకొని పోవాలి. డాక్టరు అడగలేదు గదా అని ఊరుకోవడం మర్యాద కాదు.

గాయాల మాట కూడా ఒకటి. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడ్డవారి మీద జరిగిన పరిశోధన 2010లో వచ్చింది, మన దేశమూ అందులో ఉంది. ట్రానెక్సామిక్ ఆసిడ్ అనే చవక మందు రక్తం బాగా పోయినవారి ప్రాణం కాపాడుతుందని తేలింది. అయితే మూడు గంటల లోపల ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే కీడే జరగవచ్చు. పుత్తూరు కట్టుకు మన పక్కంతా పేరుంది, కాదనము. కాని రక్తం ఆగకుండా కారుతున్నప్పుడు గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, ముందు ఆసుపత్రికే పోవాలి.

యజమానులను మనం అడగబోయేది పెద్ద ఖర్చు కాదు. రాత్రి షెడ్డులో ఒక్కరినే వదలకూడదు. ఆసుపత్రికి తోడు పోయినవారికి ఆ పూట కూలి కోయకూడదు. ఈ రెండవదానికి తేలికగా ఒప్పుకోరని మాకు తెలుసు. అందుకే చర్చల్లో దాన్నే ముందు పెడుతున్నాము.