వ్యాఖ్యాత రిచీ బెనో
(వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)



యువజనుల కుపయోగించు నొక జీవితచరిత్రమును గూర్చి ప్రసంగింపుఁడని కార్యదర్శిగారు కోరినప్పుడు, మనలోఁ బుట్టిన ప్రముఖునెవ్వరినో వర్ణింతుమని వారు తలఁచియుందురు. మేము చెప్పఁబూనినది ఆస్ట్రేలియాదేశీయుఁడైన రిచీ బెనో చరిత్రము. ఆయన మొదట క్రికెట్టు ఆటగాఁడు; తరువాత టెలివిజనులో ఆ యాటకు వ్యాఖ్యాత. సంస్కృతపాఠములు చెప్పుకొని బ్రదికినవారికి ఈ యాటతో నేమి పనియని ముందువరుసలో నవ్వుచున్నారు. వ్యాఖ్యానమన నేమో యెఱుఁగుట మా వృత్తిలోని పనియే కదా!

బెనో 1930వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని న్యూసౌత్‌వేల్సులోని పెన్రిత్ పట్టణమునఁ బుట్టెను. తండ్రి లూ బెనో బడిపంతులు. ఈ మాట చెప్పునప్పుడు మాకుఁ గొంచెము గర్వము. ఆ పంతులుగారు స్థానికపోటీ యొకదానిలో ప్రతిపక్షమువారి యిరువది వికెట్లను తామొక్కరే పడఁగొట్టిన మేటి. కుమారుఁడు 1952 మొదలు 1964 వఱకు 63 టెస్టులాడి 2,201 పరుగులును 248 వికెట్లును సంపాదించెను. 28 టెస్టులలో జట్టునకు నాయకుఁడయ్యెను. టెస్టులలో రెండువేల పరుగులును రెండువందల వికెట్లును సాధించినవారిలో మొదటివాఁ డాయనయే.

ఆట చేతిలో నుండఁగనే ఆయన రెండవ విద్యకుఁ బూనుకొనెను. సిడ్నీ పత్రికలోఁ బోలీసువార్తలు వ్రాయుచు క్లుప్తముగా వాక్యము కట్టుట నేర్చెను. 1956లో ఇంగ్లండు పర్యటన ముగియఁగానే లండనులో నిలిచి బి.బి.సి.వారి టెలివిజను శిక్షణలోఁ జేరెను. గోల్ఫునకు హెన్రీ లాంగ్‌హర్స్టు, గుఱ్ఱపుపందెములకు పీటర్ ఓసలివన్, టెన్నిసునకు డాన్ మాస్కెల్ అప్పటి ప్రసిద్ధవ్యాఖ్యాతలు. వారెప్పుడు మాటలాడుదురో, అంతకంటె ముఖ్యముగా నెప్పుడు మాటలాడరో పరిశీలించెను. ఆ యక్టోబరులోనే చెన్నపట్టణమునకు వచ్చి, టెస్టులో మనవారి నేడుగురిని 72 పరుగులకే పడఁగొట్టెను. అప్పటి కాంధ్రప్రదేశావతరణమునకు రెండువారములైనను లేదు. మేమిప్పుడు ‘మనవారు’ అంటిమి. ఆ మాట సంగతి పిమ్మటఁ జెప్పెదము.

1960లో బి.బి.సి. రేడియోలోను, 1963లో వారి టెలివిజనులోను బెనో గళము వినఁబడెను. 1977లో కెర్రీ ప్యాకర్ క్రికెట్టు సంస్థలకుఁ బోటీగాఁ బందెములు నడపినప్పుడు ఆయన పక్షమున నిలిచి నిందలు పడెను. పిమ్మట ఛానల్ నైన్‌లో దశాబ్దములపాటు మీఁగడరంగు కోటుతోఁ గానవచ్చెను.

ఆయన నియమ మొక్కటే: బొమ్మలోఁ గనఁబడుదానికి అదనముగాఁ జెప్పవలసినది యున్ననే నోరు విప్పవలెను. మన కొలచలమ మల్లినాథసూరి మూలములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియుఁ బ్రతిజ్ఞ చేసికొన్న సంగతి పండితు లెఱుఁగుదురు. బెనోకు మైదానమే మూలగ్రంథము. మేమో, ముప్పదియైదేండ్లు తరగతిలో మాటలు కుమ్మరించితిమి. పిల్లవాఁడు పద్యమును తనంత విప్పుకొని మురియుచున్నప్పుడును ఊరకుండలేకపోతిమి.

ఇఁక ‘మనవారు’ సంగతి. దేశపుజట్టునకు నాయకుఁడైన బెనో, వ్యాఖ్యానమున ఆ జట్టును ‘మేము’ అని చెప్పుకొనలేదు; ‘ఆస్ట్రేలియావారు’ అనియే చెప్పెడివాఁడు. 1981 ఫిబ్రవరి 1వ తేదీని మెల్బోర్నులో న్యూజిలాండుతోఁ బోటీ. ఒక్క బంతి మిగిలినది. సిక్సరు కొట్టినచో న్యూజిలాండువారు సమానమగుదురు. ఆస్ట్రేలియా నాయకుఁడు గ్రెగ్ చాపెల్, బంతివేయు తన తమ్ముఁడు ట్రెవరును నేలమీఁద దొరలించుమనెను. దొర్లెడి బంతిని బౌండరీ దాఁటించు టెట్లు? అప్పటి నిబంధనలలో నది నిషిద్ధము కాదు, ఆస్ట్రేలియా గెలిచెను. వెంటనే బెనో తన దేశపు టెలివిజనులోనే, తానొకప్పు డలంకరించిన పదవిలో నున్నవాని పని సిగ్గుచేటనియు, నాయకుఁడు ఓవర్ల లెక్క తప్పెననియుఁ జెప్పెను. కేకలు వేయలేదు.

ఇది చదివిన నాఁడు మాకు నిద్రపట్టలేదు. ఉద్యోగకాలమున నొక పాఠశాలలో వక్తృత్వపుఁబోటీకి మేము న్యాయనిర్ణేతలము. ఇద్దఱు బాలురు సరిసమానముగా మాటలాడిరని చెప్పి, మన సంఘమువారి బిడ్డకు మొదటి బహుమాన మిప్పించితిమి. నిజమునకు సరిసమానము కాదు, రెండవవాఁడే మేలు. వాఁడు మా కాళ్లకు నమస్కరించి వెళ్లెను. ఈ సభలోఁ జెప్పఁదగిన మాటయా యని సందేహించి, మఱెచ్చటఁ జెప్పుదుమని చెప్పుచున్నాము.

2005 సెప్టెంబరు 12వ తేదీ, లండనులో ఓవల్ మైదానము. మఱుసటి యేఁటినుండి ఆ దేశపుఁ డెస్టుల ప్రసారము చందాదారుల ఛానలునకుఁ బోవనున్నది. అందఱు నుచితముగాఁ జూడఁగల ప్రసారముననే పనిచేయుదునన్న బెనోకు అచ్చట నదియే కడపటి టెస్టు. సెలవు తీసికొను మాటలు పలుకుచుండఁగా, 158 పరుగులు చేసిన కెవిన్ పీటర్సన్‌ను మెగ్రాత్ బౌల్డు చేసెను. బెనో వీడుకోలు నాపి, వికెట్టు పడిన సంగతి చెప్పి, పిమ్మటఁ దన మాట ముగించి, మైకును తోడివారి కప్పగించెను.

2015 ఏప్రిల్ 10వ తేదీని, ఎనుబదినాలుగేండ్ల వయసున ఆయన మరణించెను. ప్రభుత్వలాంఛనములతో నంత్యక్రియలు జరుపుదుమని ప్రభుత్వ మడుగఁగా, కుటుంబమువారు వలదని తమవఱకే జరుపుకొనిరి.

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. సెలవు.